సున్నిత చర్మానికి మెత్తని మేకప్ బ్రష్: ఎంచుకునే తీరు, వాడుకునే తీరు

దుకాణంలో మేకప్ బ్రష్ చేతికి రాగానే దాదాపు అందరూ దాన్ని చేతి వెనుక భాగాన రెండు మూడుసార్లు తిప్పి చూస్తారు, మెత్తగా ఉందనిపిస్తే తీసుకుంటారు. మామూలు చర్మం గలవారికి ఈ పరీక్ష సరిపోతుంది. పౌడరు అద్దుకోగానే బుగ్గలు మండేవారికి, తామర (ఎగ్జిమా) తరచూ తిరగబెట్టేవారికి, మొటిమలకు మందు రాసుకుంటున్నవారికి మాత్రం ఇది చాలదు. ఎండకూ సబ్బుకూ ఇంటిపనికీ అలవాటుపడిన చేతి చర్మం ఇచ్చే తీర్పు, శరీరంలోకెల్లా పలుచనైన కనురెప్ప చర్మానికి వర్తించదు. పైగా కొత్త బ్రష్ మెత్తదనంలో కొంత భాగం తయారీలో పూసిన నునుపు పదార్థం వల్ల వచ్చినది కావచ్చు. రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టిన తరువాత మిగిలే మెత్తదనమే లెక్కలోకి వస్తుంది.

బ్రష్ వల్ల సున్నిత చర్మానికి కలిగే ఇబ్బంది రెండు దారుల్లో వస్తుంది, మీది ఏ దారిలో వస్తున్నదో తెలుసుకోకుండా ఎంత ఖరీదైన బ్రష్ కొన్నా ప్రయోజనం ఉండదు. మొదటిది రాపిడి. కుచ్చు కొసలు చర్మం పైపొరను గీరడం వల్ల వచ్చే మంట, బ్రష్ ఆడిస్తుండగానే మొదలై సాధారణంగా కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. గోటితో గీస్తే చాలు, ఆ గీత వెంబడే చర్మం ఉబ్బే స్వభావం కొందరికి ఉంటుంది. అలాంటివారికి గరుకు బ్రష్ తగిలిన చోటల్లా దద్దురు తేలుతుంది. రెండవది బ్రష్‌లో ఉన్న పదార్థం పడకపోవడం. కుచ్చుకు వేసిన రంగు, దాన్ని పట్టి ఉంచే లోహం, అతికించిన జిగురు, కడిగిన ద్రవం తాలూకు అవశేషం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఈ రకం అలర్జీ వెంటనే బయటపడదు. ఒకటి రెండు రోజులు ఆగి దురదతో, పొక్కులతో, పొట్టు రాలడంతో కనిపిస్తుంది. ఈ ఆలస్యం వల్లనే చాలామంది ముందురోజు వాడిన బ్రష్‌ను వదిలేసి, ఆ రోజు రాసుకున్న క్రీమును తప్పుపడతారు.

విదేశీ సలహాలు చాలావరకు ‘చర్మం ఎర్రబడితే ఆపండి’ అని చెబుతాయి. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు పైకి కనిపించకపోవచ్చు కాబట్టి, మన పాఠకులు దాని కోసం ఎదురుచూడకూడదు. వేడిగా అనిపించడం, చురచురలాడడం, ముఖం కడిగాక బిగుసుకున్నట్లుండడం, ఇవే మనకు తొలి గుర్తులు. వాటిని పట్టించుకోకపోతే ఆ తరువాత వచ్చేది నలుపు. ఏళ్ల తరబడి పీచుతోనో నైలాన్ తువ్వాలుతోనో గట్టిగా రుద్దుకున్నవారికి వీపు మీద, ఎముక పైకి తేలిన చోట్ల చర్మం నల్లబడడం చర్మవైద్యులు తరచూ చూసే విషయమే. దాన్ని ఫ్రిక్షనల్ మెలనోసిస్ అంటారు. మేకప్ బ్రష్ రాపిడి అంత తీవ్రమైనది కాదు గాని, ఇప్పటికే మంగు మచ్చలో మొటిమల మచ్చలో ఉన్న బుగ్గ మీద రోజూ గిరగిరా తిప్పితే ఆ మచ్చలు తగ్గడానికి అడ్డుపడుతుంది.

ఇక మెత్తదనం సంగతి. అది కుచ్చు దేనితో చేశారన్నదాని కన్నా, ఒక్కొక్క పోగు ఎంత సన్నగా, ఎంత పొడవుగా ఉంది, దాని కొస ఎలా ముగిసింది, పోగులు ఎంత గుబురుగా కూర్చారు అన్న నాలుగింటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఒకే పదార్థంతో చేసిన రెండు పోగుల్లో ఒకదాని మందం రెండోదానిలో సగమైతే, దాన్ని వంచడానికి పట్టే బలం సగం కాదు, పదహారో వంతు మాత్రమే. అదేవిధంగా పోగు పొడవు రెట్టింపైతే, నిలువుగా నొక్కినప్పుడు అది వంగిపోవడానికి కావలసిన బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కొబ్బరి ఈనెల చీపురుకూ ఇంట్లో ఊడ్చే గడ్డి చీపురుకూ ఉన్న తేడా ఇదే. కాబట్టి సన్నని, పొడవైన పోగులున్న బ్రష్ చర్మానికి తగలగానే వంగి తప్పుకుంటుంది. పొట్టిగా కత్తిరించి గుబురుగా కూర్చిన బ్రష్, పోగు ఎంత సన్ననిదైనా, ఒక్కుమ్మడిగా చర్మాన్ని తోస్తుంది.

కొస విషయం దీనికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. కత్తిరించిన పోగు కొస చదునుగా, అంచు పదునుగా ఉంటుంది. మంచి కృత్రిమ బ్రష్‌లలో పాలిస్టర్ పోగుల చివరలను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి, సూదిమొనలా సన్నబడేవరకూ కరిగిస్తారు. జంతువుల వెంట్రుకకు ఆ సన్నని కొస పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని కోయకుండా కాపాడుకోవడమే పనితనం. జపాన్‌లో హిరోషిమా పరిధిలోని కుమానో పట్టణం ఈ పనికి పేరుపొందింది. రాత కుంచెల తయారీతో పెరిగిన ఆ ఊరి కుంచెలకు 1975లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళ గుర్తింపునిచ్చింది. 2011లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన జపాన్ జట్టుకు ఆ దేశ ప్రభుత్వం పురస్కారంతో పాటు ఇచ్చిన కానుక కూడా కుమానో మేకప్ బ్రష్‌లే. అక్కడి పనివారు చెక్క అచ్చులో వెంట్రుకలను కొసలు కిందికి ఉండేలా పేర్చి ఆకారం తెస్తారు గాని, పేర్చిన తరువాత కత్తెర పెట్టి గుండ్రంగా కత్తిరించరు. చవక బ్రష్ చూడటానికి గుండ్రంగా, నున్నగా తీర్చినట్లుండి కూడా గుచ్చుకోవడానికి కారణం చాలాసార్లు ఆ కత్తెరే.

కొసలను పరీక్షించడం కష్టమేమీ కాదు. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూస్తే, సన్నబరచిన పోగుల చివరలు పలచబడి కాస్త పారదర్శకంగా కనిపిస్తాయి. కత్తిరించినవి మొద్దుగా, ఒకే మందంతో ఆగిపోతాయి. ఆ తరువాత బ్రష్‌ను పక్కకు ఆడించకుండా, ముంజేతి లోపలి వైపు గాని చెవి కింద దవడ మీద గాని నిటారుగా ఆనించి మెల్లగా నొక్కాలి. పక్కకు నిమిరితే ఏ బ్రష్ అయినా మెత్తగానే ఉంటుంది, నిటారుగా ఆనించినప్పుడే కొసల గుణం తెలుస్తుంది. చుక్కచుక్కగా గుచ్చుకుంటున్నట్లు ఏమాత్రం అనిపించినా దాన్ని తిరిగి పెట్టేయడం మంచిది, వాడగా వాడగా మెత్తబడుతుందన్న దుకాణదారు మాటకు లొంగకూడదు.

కృత్రిమ పోగులా, జంతువుల వెంట్రుకలా అన్న ప్రశ్నకు సున్నిత చర్మం వరకైతే నా సమాధానం సూటిగా కృత్రిమమే. వేళ్లకు తగిలే మెత్తదనంలో ఉడుత వెంట్రుకకు సాటి వచ్చేది లేదన్నమాట నిజం. మేలైన మేక వెంట్రుకా బాగానే ఉంటుంది, నాసిరకం మేక వెంట్రుక మాత్రం గుచ్చుకుంటుంది. అయితే వెంట్రుక మీద ఉండే సన్నని పొలుసుల్లాంటి పొర పౌడరును పట్టుకున్నట్లే నూనెను, మురికిని, తేమను కూడా పట్టుకుంటుంది. తరచూ కడిగితే వెంట్రుక పెళుసెక్కుతుంది, కడగకపోతే చర్మం ఊరుకోదు. జంతువుల రోమాలు పడనివారికి ఆ చిక్కు అదనం. పాలిస్టర్ జాతికి చెందిన టాక్లాన్, పీబీటీ వంటి పోగులు నున్నగా ఉండి నీటిని పీల్చుకోవు, త్వరగా ఆరుతాయి, వారం వారం కడిగినా తట్టుకుంటాయి. ఒకప్పుడు కృత్రిమ బ్రష్‌లు పౌడరును సరిగా పట్టుకునేవి కావు. ఇప్పుడు పోగును అలలుగా మలిచి, సన్నబరచి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దారు. ఇంకొక మాట: ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెల అమ్మకం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో నేరం. ఏ జంతువు వెంట్రుకో చెప్పకుండా ‘అసలైన నేచురల్ హెయిర్’ అని మాత్రమే రాసి అమ్మే వస్తువును తాకకపోవడమే మేలు.

పెట్టె మీది మాటలకు కూడా పరిమితులున్నాయి. ‘వేగన్’ అని ఉంటే జంతువుల వెంట్రుక లేదని మాత్రమే అర్థం. అందులోని రంగు, లోహం మీకు పడతాయన్న హామీ అందులో లేదు. ‘హైపోఅలర్జెనిక్’ (అలర్జీ తక్కువగా కలిగించేది) అన్న మాటకు అమెరికాలో కూడా చట్టబద్ధమైన నిర్వచనమేదీ లేదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే స్పష్టంగా చెబుతుంది, అంటే తయారీదారు తన అభిప్రాయం కొద్దీ రాసుకోవచ్చు.

కుచ్చును, పిడిని కలిపే లోహపు పట్టీ సంగతి చాలామంది పట్టించుకోరు. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు చీము పట్టేవారు, జీన్స్ బొత్తాం ఆనిన చోట బొడ్డు కింద దురద పెట్టేవారు నికెల్ పడనివారై ఉండవచ్చు. పట్టీకి మెరుపు కోసం నికెల్ పూత వేయడం ఉంది. పెద్ద పౌడరు బ్రష్‌లో పొడవాటి కుచ్చు వల్ల ఆ పట్టీ ముఖానికి దూరంగా ఉంటుంది గాని, కంటి దగ్గర వాడే చిన్న బ్రష్‌లు, పొట్టి కన్సీలర్ బ్రష్‌లలో పదేపదే చర్మానికి తగులుతుంది. అలాంటివారు అల్యూమినియం పట్టీ అని తయారీదారు రాసినవో, లోహమే లేకుండా కుచ్చును ప్లాస్టిక్ పిడిలో బిగించినవో చూసుకోవాలి. అనుమానం తీరకపోతే డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణంతో చేసే నికెల్ పరీక్ష ఉంది: దూదిపుల్లను అందులో ముంచి లోహం మీద రుద్దితే, నికెల్ విడుదలవుతున్నప్పుడు దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. పట్టీ కదులుతున్నా, చిన్నగా లాగగానే పోగులు ఊడి వస్తున్నా ఆ బ్రష్ వద్దు, ఊడిన పోగు కంట్లో పడితే అదొక బాధ.

రంగు వేసిన కుచ్చుల కన్నా తెల్లవి, లేత రంగువి సురక్షితం. నల్లని, గులాబీ రంగు కుచ్చులు అందంగా ఉంటాయి, కాని పాలిస్టర్‌కు వేసే రంగుల్లో కొన్ని బట్టల ద్వారా అలర్జీ కలిగించేవిగా వైద్యులకు తెలిసినవే. తడి చేసిన తెల్లని నూలు గుడ్డలో కుచ్చును నొక్కి పట్టుకుంటే, రంగు దిగేదో కాదో నిమిషంలో తెలిసిపోతుంది. లేత కుచ్చుకు మరో లాభం, మురికి దాగదు.

ఎన్ని కొనాలి? పన్నెండు, ఇరవై నాలుగు బ్రష్‌ల సెట్లు సున్నిత చర్మానికి దండగ. అందులో సగం ఎప్పుడూ బయటికి రావు, మిగతా సగాన్ని కడగడానికి ఓపిక చాలదు. పౌడరుకు, బ్లష్‌కు కలిపి పొడవైన పోగులతో వదులుగా ఉన్న పెద్ద బ్రష్ ఒకటి, ఫౌండేషన్‌కు మధ్యరకం గుబురుతో కొస గుండ్రంగా ఉన్నది ఒకటి, కనురెప్పలకు చిన్నదీ మెత్తనిదీ ఒకటి చాలు. కబుకి అని పిలిచే పొట్టి, దట్టమైన బ్రష్ ఫౌండేషన్‌ను చక్కగా కలిపేస్తుందన్న పేరున్నా, రాపిడి కూడా దానితోనే ఎక్కువ; మంట స్వభావం గలవారు దాన్ని పక్కన పెట్టి, పొట్టీ పొడుగూ పోగులు కలిసి ఉండే డ్యూయో ఫైబర్ బ్రష్ తీసుకోవచ్చు. దానిలో పైకి వచ్చే పోగులు కొన్నే కాబట్టి చర్మానికి తగిలే ఒత్తిడి తక్కువ.

హైదరాబాదు బేగంబజారులోనో సుల్తాన్‌బజారులోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో విడిగా, గంపగుత్తగా అమ్మే బ్రష్‌లలో మంచివి దొరకవని కాదు గాని, వాటిని ఎవరు తయారు చేశారో, ఎంతమంది చేతులు, చెంపలు తాకాయో తెలియదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన వివరాలు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. అవేవీ లేని పెట్టెను, ఎంత తక్కువ ధరకు వచ్చినా, సున్నిత చర్మం కోసం కొనకండి. తెరవగానే ఘాటైన రసాయనపు వాసన కొట్టేది కూడా వద్దు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, తెరిచిన బ్రష్‌ను వాపసు తీసుకుంటారో లేదో ముందే చదువుకోవాలి, చాలామంది శుభ్రత కారణం చూపి తీసుకోరు.

ఇంటికి తెచ్చిన బ్రష్‌ను నేరుగా ముఖానికి పెట్టకూడదు. ముందు ఒకసారి కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత మేకప్ ఏదీ అద్దకుండా, ఒట్టి బ్రష్‌నే ముంజేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు, వారం పాటు అర నిమిషం చొప్పున మెల్లగా ఆడించాలి. నికెల్ అనుమానం ఉన్నవారు పట్టీని కూడా అక్కడ ఆనించి చూడాలి. ఆ వారంలో కొత్త క్రీము గాని కొత్త సబ్బు గాని మొదలుపెడితే, ఏదైనా వచ్చినప్పుడు దేనివల్లనో తెలియదు. ముంజేతి మీద ఏమీ రాకపోతే, మరో రెండు రోజులు చెవి కింద దవడ మీద చూసి, అప్పుడు ముఖానికి వాడుకోవచ్చు. మరీ ఇంత ఎందుకనిపించవచ్చు గాని, రెండు రోజుల తరువాత బయటపడే అలర్జీని ఒక్క పూట పరీక్ష పట్టుకోలేదు.

ఎంత మెత్తని బ్రష్ అయినా వాడే చెయ్యి మొరటుదైతే ఫలితం ఉండదు. కొసలు మాత్రమే చర్మానికి తగలాలి. కుచ్చు విచ్చుకుని పట్టీ వరకూ వంగుతున్నదంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం. గుండ్రంగా తిప్పడం కన్నా అద్దడం, అద్దడం సరిపోని చోట ఒకే దిశలో తేలికగా లాగడం మేలు. మాయిశ్చరైజర్ రాసిన వెంటనే కాకుండా అది ఇంకేవరకూ కొన్ని నిమిషాలు ఆగితే, బ్రష్ జిగటకు పట్టుకోకుండా జారుతుంది. అడాపలీన్, ట్రెటినాయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి మొటిమల మందులు రాసుకుంటున్నవారి చర్మం పైపొర ముందే బలహీనపడి ఉంటుంది కాబట్టి, వారికి ఈ జాగ్రత్తలు రెట్టింపు అవసరం. థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ చేయించుకున్న రోజు ఆ చోట బ్రష్ వాడకపోవడం మంచిది. తామర రేగి చర్మం చెమ్మగిల్లినప్పుడు, పగుళ్లు పడినప్పుడు మేకప్‌నే మానుకోవాలి.

పెళ్లిళ్లలో ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. మంగళస్నానానికి ముందు నలుగు పెట్టి ఒళ్లంతా రుద్దుతారు, ముఖాన్నీ వదలరు. ఆ తరువాత కొన్ని గంటలకే పెళ్లికూతురి ముఖం మీద మందమైన ఫౌండేషన్‌ను గుబురు బ్రష్‌తో రుద్దడం మొదలవుతుంది. సున్నిత చర్మం గల అమ్మాయికి ఒకే ఉదయం రెండు రాపిళ్లు ఎక్కువే. నలుగును ముఖానికి నామమాత్రంగా తాకించమని పెద్దవాళ్లకు చెప్పుకోవడం, మేకప్ చేసే ఆవిడకు మీరు పరీక్షించి ఉంచుకున్న మూడు బ్రష్‌లనూ ముందే ఇవ్వడం, ఈ రెండూ చేస్తే చాలావరకు గట్టెక్కవచ్చు. మంచి మేకప్ ఆర్టిస్టులు ఇందుకు నొచ్చుకోరు. వార్షికోత్సవాల్లో, కూచిపూడి ప్రదర్శనల్లో తెర వెనుక ఒకే బ్రష్ పదిమంది ముఖాల మీద తిరుగుతుంది. కళ్లకలక, పెదవి పక్కన వచ్చే జ్వరపు పొక్కులు చేతులు మారే వస్తువుల ద్వారా కూడా అంటుకుంటాయి గనుక, పిల్లలకు సొంత బ్రష్ ఇచ్చి పంపాలి.

కడగడం విషయంలో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెత్తని బ్రష్ గరుకుగా మారేది ఇక్కడే. ప్రతి 7 నుంచి 10 రోజులకు ఒకసారి బ్రష్‌లు కడగాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సలహా. ఫౌండేషన్ బ్రష్‌ను, మొటిమలున్నవారి బ్రష్‌లను ఇంకా ముందే కడగడం మంచిది. మన ఊళ్లలో చిక్కు నీటితో వస్తుంది. బోరు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు మామూలు సబ్బుతో కలిసి, నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారి పోగులకు అంటుకుంటాయి. బకెట్ అంచున కనిపించే తెట్టు అదే. నాలుగు కడుగులకే బ్రష్ బిరుసెక్కిందంటే తప్పు బ్రష్‌ది కాకపోవచ్చు. అందుకని సబ్బు బిళ్లకు బదులు సువాసన లేని, తేలికపాటి ద్రవ ఫేస్‌వాష్ వాడి, చివరి జాలింపు మాత్రం ఫిల్టరు నీటితో చేయాలి. రెండు గ్లాసుల నీళ్లు సరిపోతాయి. బ్రష్ శుభ్రం చేసే ద్రవం కొంటే దానిలో మిథైల్ఐసోథయాజోలినోన్ అనే, ద్రవం చెడిపోకుండా కలిపే పదార్థం లేకుండా చూసుకోవాలి. అలర్జీ కలిగించడంలో అది ఎంత పేరు మోసిందంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కు దాన్నే ‘ఆ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది. కుంకుడు రసం తలకు మంచిదే గాని, కంటి దగ్గర వాడే బ్రష్‌లో దాని శేషం ఉండిపోతే ఏమవుతుందో మనకందరికీ చిన్నప్పటి తలంట్లతోనే తెలుసు. మెత్తబడుతుందని బట్టలకు వాడే కండిషనర్‌లో ముంచడం కూడా పొరపాటే, దానిలోని సువాసన పదార్థాలు పోగులకు పట్టి ఉండిపోతాయి.

కడిగేటప్పుడు గోరువెచ్చని నీటిలో కొసలను మాత్రమే ముంచి, బ్రష్‌ను కిందికి వంచి పట్టుకోవాలి. నీరు పట్టీలోకి దిగితే జిగురు వదులై, చెక్క పిడి ఉబ్బుతుంది. నురగ పూర్తిగా పోయేవరకూ జాలించి, శుభ్రమైన గుడ్డలో నొక్కి, ఆకారం సరిచేసి, కుచ్చు బల్ల అంచు బయటికి వచ్చేలా పడుకోబెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యరు వేడికి సన్నని పాలిస్టర్ కొసలు వంకర తిరగవచ్చు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, గుబురు బ్రష్ లోపల ఒక రాత్రిలో ఆరకపోవచ్చు, పైకి పొడిగా కనిపించినా మధ్యలో వేలు పెట్టి చూడాలి. తడిదాన్ని సంచిలో పెట్టి జిప్పు వేస్తే బూజు పడుతుంది. బ్రష్‌కు బదులు స్పాంజి వాడుకుందామనుకునేవారికి కూడా ఇదే హెచ్చరిక. 2019లో బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడుకలో ఉన్న మేకప్ వస్తువులను పరీక్షించినప్పుడు, మేకప్ స్పాంజ్‌లలో పదింట తొమ్మిదికి పైగా ఎన్నడూ శుభ్రం చేయనివేనని తేలింది. శుభ్రంగా కడుక్కున్న వేళ్లు వాటన్నిటి కన్నా నయం, ముఖ్యంగా క్రీము రూపంలోని బ్లష్‌కు.

కొసలు కొక్కేల్లా వంగిన బ్రష్‌ను, కడిగి ఆరబెట్టాక కూడా వాసన వచ్చేదాన్ని, పోగులు తరచూ రాలేదాన్ని పారేయాలి. ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా రెండు వారాలకు మించి దురదో పొక్కులో ఉంటే, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చుకుని ముఖానికి రాయకండి; అది తాత్కాలికంగా అణచి, చర్మాన్ని మరింత పలుచన చేస్తుంది. చర్మవైద్యుల దగ్గర వీపు మీద పట్టీలు అతికించి చేసే ప్యాచ్ టెస్ట్ ఉంటుంది. 48 గంటల తరువాత పట్టీలు తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. దానికి వెళ్లేటప్పుడు వాడుతున్న క్రీములతో పాటు బ్రష్‌ను, అది వచ్చిన పెట్టెను, దాన్ని కడిగే ద్రవం సీసాను కూడా తీసుకువెళ్లి చూపించండి.